మా పెద్దత్తయ్య లెక్క

మా పెద్దత్తయ్యకు ఇంగ్లీషు సంవత్సరాలు తెలియవు. ఆవిడ దృష్టిలో నేను 1963లో పుట్టలేదు, శోభకృత్తులో పుట్టాను. మా నాన్న శ్రీముఖ, మా పెద్దనాన్న ప్రమోదూత. మా ఇంట్లో ఎర్రావు మొదటిసారి ఈనింది కూడా ఏ నామ సంవత్సరంలోనో చెప్పేది. ఆవిడ పుట్టింది రక్తాక్షి, అనగా 1924. వ్యయ నామ సంవత్సరం మాఘమాసంలో, అంటే 2007లో, ఎనభై రెండేళ్ళు నిండి వెళ్ళిపోయింది. ఆవిడతోపాటు మా ఇంటి ఏడు తరాల సంగతులు వెళ్ళిపోయాయి. వాటిలో నాకు పట్టుబడినవి రెండో మూడో!

మాది బందరు కాలవ మీద, వుయ్యూరు చాయల వున్న పల్లె. పెద్దత్తయ్యకు పదకొండో యేట పెళ్ళయింది. దివిసీమలో ఇచ్చారు. పదిహేనో యేట పుట్టింటికి తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆ రోజుల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ వచ్చినది మళ్ళీ వెళ్ళలేదు. వంటయిల్లు, పాడి, పిల్లల పెంపకం, వీటన్నిటితోపాటు ఇంటి చరిత్ర కూడా ఆవిడ చేతిలోకే వచ్చింది. వాళ్ళ నాయనమ్మ పోతూ పోతూ తాళపుచెవులతో పాటు దీన్నీ అప్పగించింది కాబోలు.

రాజులకు శాసనాలున్నాయి. జమీందార్లకు, గుళ్ళకు, పేరున్న గ్రామాలకు కైఫీయత్తులున్నాయి. కర్నల్ మెకంజీ దొర మనుషుల్ని పంపి కరణాల దగ్గర వ్రాయించి తీసుకున్నాడు. పదెకరాల రైతు ఇంటికి ఏముంటుంది? పంటలు ఇంటికి వచ్చాక పిచ్చుకుంట్లవారు వచ్చి గోత్రం, వంశం చదివేవారు. వారిని ఇప్పుడు వంశరాజులంటున్నారు. వాళ్ళు అరుగు మీద కూర్చుని తాతముత్తాతల పేర్లు వరసగా చదువుతుంటే, పెద్దత్తయ్య చేటలో బియ్యం పట్టుకుని గుమ్మం వెనక నుంచుని వినేది. ఎక్కడైనా ఒక పేరు జారిపోతే, “తాతా, నడిమివాణ్ణి మింగేశావు!” అనేది. ఆయన నవ్వి, మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవాడు. బియ్యం మాత్రం తగ్గించేది కాదు.

అయితే ఆ చదివేవన్నీ మగవాళ్ళ పేర్లే. ఆడవాళ్ళ పేర్లకు పెద్దత్తయ్య వేరే పుస్తకం పెట్టుకుంది. అది ఇత్తడి సామాను. వెనకటి రోజుల్లో అరణం ఇచ్చిన బిందె మీదా, చెంబు మీదా చుక్కచుక్కగా కొట్టించి పేర్లు వేయించేవారు గదా! మా అటక మీది గంగాళం ఫలానా ముత్తవ్వది, మూకుడు ఫలానా మేనత్తది. స్టీలు గిన్నెలవాళ్ళు వీధుల్లోకి వచ్చి పాత ఇత్తడి తూచుకుపోయే రోజుల్లో మా అమ్మ, పిన్నులు కూడా సరదాపడ్డారు. పెద్దత్తయ్య అడ్డం చెప్పలేదు. కాని తూకానికి పెట్టేముందు ఒక్కొక్క గిన్నె తిరగేసి, చింతపండుతో తోమి, పేరు పైకి చదివి, అప్పుడు ఇచ్చేది. ఆ పేర్లు మళ్ళీ ఎప్పుడడిగినా వరసగా చెప్పేది. సామాను పోయినా చిట్టా పోలేదన్నమాట!

ఇక అసలు కథకు వస్తాను.

మా ముత్తాతగారి తండ్రిది ఈ వూరు కాదు. బందరుకు దిగువన, సముద్రం చప్పుడు వినబడేంత దగ్గరలో వుండేవారట. ఆయనకు పదకొండేళ్ళప్పుడు, దీపావళి వెళ్ళిన విదియ నాడు, భగినీహస్త భోజనానికి అక్కగారు రమ్మని కబురు చేసింది. అక్కగారి అత్తవారి వూరే ఇప్పుడు మేముంటున్న వూరు. పిల్లవాడు కాలవ పడవ ఎక్కి వచ్చాడు. అక్క నువ్వులనూనెతో తలంటి, గారెలు, పరమాన్నం పెట్టింది. మధ్యాహ్నానికి గాలి ముదిరింది. “ఈ గాలిలో పడవ వద్దు, రేపు వెళుదువు గానిలే” అంది అక్క. ఆ రాత్రి సముద్రం లేచింది. మర్నాటికి వెళ్ళడానికి ఇల్లు లేదు, వూరు లేదు, అమ్మా నాన్నా ఇద్దరు తమ్ముళ్ళూ లేరు.

“ఆ పూట అక్క అన్నం పెట్టకపోతే మీరెవ్వరూ లేరర్రా!” అని పెద్దత్తయ్య మాకు ముద్దలు కలిపి పెడుతూ చెప్పేది. ఎప్పుడత్తయ్యా అంటే, “రక్తాక్షిలో. నేను పుట్టిన రక్తాక్షి కాదు, ముందు రక్తాక్షి” అనేది.

ప్రభవ మొదలు అక్షయ వరకూ పేర్లు అరవయ్యే. అరవయ్యేళ్ళకోసారి అవే తిరిగి వస్తాయి. అంచేత ఈ లెక్కలో ఒక చిక్కుంది. “ముందు రక్తాక్షి” అంటే ఏ ముందు? ఇక్కడే మా పెద్దనాన్నకూ ఆవిడకూ పేచీ వచ్చింది.

పెద్దనాన్న బడిపంతులు. ఓపికగా రెండేళ్ళు తిరిగి 1984 వుగాదికి మా వంశవృక్షం అచ్చు వేయించాడు. మంచి దళసరి కాగితం, చుట్టూ ఆకుపచ్చ అంచు. బంధువులందరికీ తలొకటి పంచాడు. అందులో ఉప్పెన 1804లో వచ్చినట్టు వేశాడు. వంశం మరో అరవయ్యేళ్ళు పాతబడితే మర్యాదగా వుంటుందనుకున్నాడో ఏమో తెలియదు. కాని అరవయ్యేళ్ళు వెనక్కి జరిపితే మధ్యలో రెండు తరాలు ఖాళీ పడ్డాయి. ఆ రెండుచోట్లా పేర్లకు బదులు చుక్కలు పెట్టి వూరుకున్నాడు!

పెద్దత్తయ్య ఆ కాగితం నాచేత చదివించుకుని, “పడవ సంగతి మరిచిపోయాడేం? ఆనకట్ట లేకుండా కాలవ ఎక్కడిది? కాలవ లేకుండా పడవెక్కడిది?” అంది.

బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. మన కాలవ ఆ తరవాతది. ఆ తరవాత వచ్చిన మొదటి రక్తాక్షి 1864. బందరు ఉప్పెన వచ్చింది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి. సుమారు 30,000 మంది పోయారని చరిత్రలో వుంది. నేను మరికాస్త ముందుకు వెళ్ళి తిథి కూడా చూశాను. ఆ సంవత్సరం అక్టోబరు 30న సూర్యగ్రహణం పట్టింది. మన దేశంలో కనబడలేదు లెండి. కాని గ్రహణం పట్టిందంటే ఆనాడు అమావాస్య అన్నట్టే గదా! అది దీపావళి అమావాస్య. మర్నాడు పాడ్యమి. నవంబరు 1 విదియ. సరిగ్గా భగినీహస్త భోజనం నాడు! అక్షరం రాని నోళ్ళమీదుగా, నూట ఇరవై యేళ్ళపాటు ఒక్క తిథి కూడా తప్పకుండా వచ్చిన మాట అది.

కాని పెద్దత్తయ్య పట్టింపు సంవత్సరం గురించి కాదు. ఆ వృక్షంలో అక్కగారు లేదు. అదీ ఆవిడ బాధ.

ఉప్పెన తరవాత పిల్లవాడు అక్కగారింట్లోనే వుండిపోయాడు. అత్తవారింట తమ్ముణ్ణి పెంచడమంటే మాటలా? అత్తగారు రోజూ ముద్దలు లెక్కపెట్టేదట. తమ్ముడికి పద్దెనిమిదేళ్ళు వచ్చాక అక్క తన మెడలోని కాసులపేరు అమ్మి, ఎకరం నేల కొనిపెట్టింది. మా పొలాల్లో దాన్ని ఇప్పటికీ కాసులచెక్క అంటారు. కాసులు పండే చెక్క గనక ఆ పేరు వచ్చిందని పెద్దనాన్న అచ్చు కాగితం కింద వివరం కూడా వ్రాశాడు.

ఆ యేడు కార్తీకంలో, విదియ నాడు, పెద్దత్తయ్య తమ్ముళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి వడ్డించింది. నేను బెజవాడలో చదువుతూ సెలవులకు వచ్చాను, పక్కనే వున్నాను. గారె వేస్తూ, “తమ్ముడూ, ఆ కాగితంలో ఆవిడ పేరు చేర్చవూ?” అంది.

“ఆడపిల్లలు వంశవృక్షంలో వుండరక్కయ్యా. వాళ్ళు అత్తవారి వృక్షంలో వుంటారు” అన్నాడు పెద్దనాన్న, పాఠం చెప్పినట్టు.

“అయితే నేను ఎక్కడున్నాన్రా?”

ఆవిడ గొంతు పెంచలేదు. నెయ్యి గిన్నె చేతిలోనే వుంది. మా నాన్న తల ఎత్తలేదు. పెద్దనాన్న విస్తరిలోకి చూస్తూ చాలాసేపు అన్నం కలిపాడు.

ఆవిడ అడగదగినదే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ అత్తవారి వూరు కూడా దెబ్బతింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. పెద్దనాన్న బియ్యం, బట్టలు వేసుకుని వెళ్ళి నాలుగు రోజులకు వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే చూసినదంతా చెప్పాడు. ఎంతమంది పోయారో, ఎన్ని ఇళ్ళు మిగిలాయో చెప్పాడు. పెద్దత్తయ్య అంతా విని, “పేర్లు అడిగావా?” అంది. అడగలేదు. ఎవరు అడుగుతారు అటువంటి సమయంలో?

మర్నాడు ఆవిడే బయలుదేరింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ తరవాత అత్తవారి వూరికి వెళ్ళడం అదే మొదటిసారి. వారం రోజులుండి వచ్చింది. మనుషుల్ని కూర్చోబెట్టుకుని, ఏడ్చేవాళ్ళను ఏడవనిచ్చి, ఆ తరవాత ఒక్కొక్క పేరే అడిగిందట. అక్కడి నుంచి ఏటా కార్తీకమాసంలో మా వూరి కాలవలో అరటిదొప్పల్లో నలభై ఒక్క దీపాలు వదిలేది. దీపానికొక పేరు చెప్పేది. చంటిపిల్లకు ఇంకా పేరు పెట్టలేదట. ఆ దీపానికి “ఫలానావారి పిల్ల” అనేది.

తరవాతి రోజుల్లో మా పిన్ని కొడుకు టేపురికార్డరు కొని ఆవిడచేత మూడు క్యాసెట్లు మాట్లాడించాడు. మంచి పనే. కాని అందులో ఒకదాని మీద ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. రెండోది తడిసింది. మిగిలినదానిలో సగం సేపు ఆవిడ, “ఇది తిరుగుతోందా అబ్బాయ్?” అని అడగడమే వినిపిస్తుంది. మిగతా సగంలో గంగాళం కథ, తాతల నాటి ఒక పెళ్ళిలో పప్పు మాడిపోయిన కథ వున్నాయి. పాఠకుల ఇళ్ళల్లో ఇటువంటి పెద్దలెవరైనా వుంటే, పెట్టె పక్కన పెట్టి కాగితం, పెన్సిలు పుచ్చుకుని కూర్చోమంటాను. మిషను చూసి వాళ్ళు బిగుసుకుపోతారు. చిక్కుళ్ళు వలుస్తూనో, చింతపండు పిక్కలు తీస్తూనో వుండగా అడిగితే మాట దానంతటదే వస్తుంది.

కార్తీక భోజనం తరవాత ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అచ్చు కాగితాలు ఎక్కడివక్కడే వుండిపోయాయి. పెద్దనాన్న పోయాక ఆయన పెట్టె సర్దుతుంటే ఆయన సొంత ప్రతి దొరికింది. 1804 కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో 1864 వేసి వుంది. చుక్కలు పెట్టిన రెండు గళ్ళూ అడ్డంగా గీసేశాడు. ముత్తాతగారి తండ్రి పేరు పక్కన కొత్తగా ఒక గడి గీసి అక్కగారి పేరు వ్రాశాడు. కింద తన పేరు పక్కన కూడా అటువంటి గడే ఒకటుంది. అందులో పెద్దత్తయ్య పేరు, రక్తాక్షి అనీ గుండ్రటి అక్షరాలతో వ్రాసి వుంది.

ఆవిడకు ఆయన ఆ కాగితం చూపించాడో లేదో మా ఇంట్లో చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు. దీపాల పేర్లు మాత్రం మా చెల్లెలు రాసుకుంది. నలభై ఒకటికి ముప్ఫై ఆరు వచ్చాయి.