ఊరికి మోసే పాలడబ్బాలు

సెలవుకు బయల్దేరే ముందు మదీనాలో మనం కట్టే పెట్టెల్లో ఖర్జూరం, దుప్పట్లు, అత్తరుతోపాటు తప్పకుండా చోటు చేసుకునేవి పాలపొడి డబ్బాలు. ఊళ్ళో అక్కకో మరదలికో పసిబిడ్డ ఉన్నదంటే ఒకటికి నాలుగు కొంటాం. ప్రేమతోనే కొంటాం. కాని ఆ డబ్బా ఆ యింట్లో ఏమవుతుందో ఆలోచించవలసిన విషయం.

నెలాఖరుదాకా రావాలని తల్లి రెండు చెంచాలు వెయ్యవలసినచోట ఒకటే వేస్తుంది. పూటపూటా సీసా మరగబెట్టడానికి గ్యాసూ తీరికా చాలవు. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఈలోగా తల్లిపాలు తగ్గిపోతాయి. డబ్బా అయిపోయాక మళ్ళీ కొనే శక్తి ఉండదు. డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లో సింగపూరులో చేసిన ప్రసంగానికి 'పాలు, హత్య' అని పేరు పెట్టింది ఇందుకే. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ పాలపొడి అమ్మకాలకు నియమావళి చేసింది. మన దేశం 1992లో చట్టమే తెచ్చింది. బిడ్డకు రెండు నిండు సంవత్సరాలు పాలివ్వడం గురించి ఖురాన్‌లో బఖరా సూరా చెబుతుంది. ఈనాటి వైద్యుల మాటా అదే: ఆరునెలలు తల్లిపాలే, ఆ తరువాత రెండేళ్ళూ ఆపైనా తిండితోపాటు.

అసలు చిక్కంతా ఆరో నెల దాటాకే. 'క్వాషియోర్కర్' అన్న మాటను ఘనా దేశపు గా భాష నుంచి వైద్యంలోకి తెచ్చింది కూడా ఆ డాక్టరమ్మే. వెనుక మరో బిడ్డ పుట్టి, పాలు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బని అర్థం. కాళ్ళుబ్బి, జుట్టు రంగు మారిన అలాంటి బిడ్డకు మన పల్లెల్లో దిష్టి అని తాయెత్తు కట్టేవారు. మాంసకృత్తుల లోపమే దీనికి మూలమని ప్రపంచమంతా అనుకునే రోజుల్లో, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం వేరే మాట చెప్పింది: ఇంట్లో వండే అన్నం, పప్పే కడుపునిండా తింటే మాంసకృత్తులు చాలావరకు సమకూరతాయి, కరువు మొత్తం తిండికే. పసివాడి కడుపు చిన్నది. నీళ్ళ జావతో నిండుతుంది, బలం రాదు. చిక్కగా, చెంచాడు నూనె కలిపి, రోజుకు నాలుగైదుసార్లు పెట్టాలి.

పెట్టేదెవరు? నాట్లకూ కోతలకూ తల్లి పొద్దున్నే కూలికి పోతే ఇంట్లో మిగిలేది ఏడేళ్ళ అక్క. అజ్ఞానం అని మనం సులువుగా అనేస్తాం గాని, చాలా ఇళ్ళలో లేనిది తెలివి కాదు, మనిషి. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకం ఆ లోటు కొంతే తీర్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని అయిదేళ్ళలోపు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. తెలంగాణలో 2015–16లో ఈ సంఖ్య 28; అంటే పెరిగింది.

ఈసారి వెళ్ళినప్పుడు బిడ్డ బరువు అంగన్‌వాడీ కార్డు మీద ఎక్కుతున్నదో లేదో అడగండి. డబ్బాల సొమ్ముతో ఊళ్ళోనే 'హైదరాబాద్ మిక్స్' చేయించవచ్చు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10 పొడి కొట్టి, బెల్లం 20 కలిపితే 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. వేరుశనగల్లో బూజు పట్టినవి ఏరి పారెయ్యాలి. వాటిలోని విషం వేయించినా పూర్తిగా పోదు.