పెళ్లింట మేళం

మాంగల్యధారణ వేళ గట్టిమేళం ఎందుకో తెలుసుగా? తుమ్ములూ, అశుభపు మాటలూ చెవిన పడకుండా! మా దొరవారిసత్రం, సూళ్లూరుపేట వైపు పల్లెల్లో పెళ్లికైనా తిరునాళ్లకైనా మేళగాళ్లు రావాల్సిందే.

నాదస్వరం తేలికైన విద్య కాదండీ. రెల్లు పీకను పెదవుల మధ్య పట్టి, ఊపిరి తీరుతో స్వరం పలికించాలి. డోలు ఒకవైపు పుల్లతో, రెండోవైపు తొడుగులు వేసుకున్న వేళ్లతో వాయిస్తారు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారికి మతం అడ్డురాలేదు. 1998లో సంగీత కళానిధి అయ్యారు.

రికార్డు వేస్తే ఖర్చు కలిసొస్తుంది, నిజమే. కానీ పిలుపు లేనిదే మేళగాడు కొడుక్కి విద్య నేర్పుతాడా? మీ ఇంటి పెళ్లికి మేళాన్ని పిలవండి. వాళ్లకు వేళకు విస్తరి వేయించండి.