నలభై రూపాయల ఎత్తు కంచం

మా మామ్మ తన వెండి కంచం గురించి ఎవరడిగినా "నలభై రూపాయల ఎత్తు" అనేది. చిన్నప్పుడు నేనది ధర అనుకున్నాను. నలభై రూపాయలకి ఇంత కంచం వచ్చిందా అని నోరు తెరిచేదాన్ని. అది ధర కాదు, బరువు. విక్టోరియా రాణి బొమ్మతోనూ, ఆ తర్వాత ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలతోనూ నడిచిన వెండి రూపాయి సరిగ్గా ఒక తులం తూగేది, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి, మిగతాది రాగి. అంబాజీపేటలో కొబ్బరికాయలమ్మిన డబ్బులోంచి మా ముత్తాత నలభై రెండు రూపాయలు లెక్కపెట్టి కంసాలి చేతిలో పోశాడట. ఆయన వాటిని మూసలో కరిగించి, రేకు సాగగొట్టి, తరుగు పోను నలభై తూగే కంచం చేసి ఇచ్చాడు. మజూరీ కింద బియ్యం వేరే. ఆ రోజుల్లో రూపాయే సరుకు, రూపాయే తూకపురాయి.

1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించేశారు. 1947 నాటికి అది నికెల్ రూపాయి అయిపోయింది. అందుకని కంసాలి ముందు రూపాయిని తిరగేసి సంవత్సరం చూసి గానీ మూసలో వేసేవాడు కాదని మామ్మ చెప్పేది.

నేను అమలాపురంలో ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఇంట్లో వెండి గానీ పింగాణీ గానీ గొప్పగా చెప్పుకునేంత ఏమీ లేదు. ఒక ఇనప్పెట్టెడు వెండి, ఒక గూడెడు పింగాణీ. కాకపోతే మా మనవరాలికి పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచి "అమ్మమ్మా, వెండి ఎలా చూసి కొనాలి?" అని అది ఫోన్లో వేసే ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటుంటే ఇదంతా కదిలింది. ఇంగ్లీషువాళ్ళ సీమలో అయితే పెళ్ళికూతురు ఒక నమూనా ఎంచుకుంటుందట. చెంచా కాడ మీద ఏ తీగ ఉందో ఫోర్కు కాడ మీదా అదే ఉండాలి, కప్పు అంచుకీ పళ్ళెం అంచుకీ ఒకే పువ్వుండాలి. తర్వాత చుట్టపక్కాలు తలో వస్తువూ ఇచ్చి ఆ సెట్టు నింపుతారు. మనకి జత కుదరాల్సింది ఒక్క దీపపు కుందులకే. మిగతావన్నీ ఏ వస్తువుకా వస్తువే. కంచం అత్తింటిది, గ్లాసు పుట్టింటిది, గంధం గిన్నె మేనత్త చదివింపు. ఒకదాని నగిషీకి ఇంకోదాని నగిషీకి పొంతనుండదు. నాకదే బావుంటుంది.

ఇప్పుడు కొట్టుకెళితే ముందు అడగాల్సింది డిజైను కాదు, మచ్చు, అంటే వెండి ఎంత శుద్ధమైనదో. కల్తీ లేని వెండి మరీ మెత్తన. దానితో గ్లాసు చేస్తే నాలుగు పూటలకే సొట్ట పడుతుంది, అందుకే రాగి కలుపుతారు. 925 అని ముద్ర ఉంటే వెయ్యిలో 925 పాళ్ళు వెండి అని అర్థం. మన పాత రూపాయి దానికి ఇంచుమించు దగ్గర. 990 అంటే దాదాపు శుద్ధమైన వెండి, పూజగదిలో కదలకుండా ఉండే వాటికి పరవాలేదు. 800 అంటే అయిదో వంతు వేరే లోహమే. బంగారానికి లాగా వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. 2025 సెప్టెంబర్ నుంచి హాల్‌మార్క్ వేయించిన వెండి మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు కూడా వస్తోంది, దాన్ని ఫోన్లోని బీఐఎస్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. నంబరున్న వస్తువే ఇమ్మని అడగండి, మొహమాటపడకండి. ఇక గృహప్రవేశాల్లో పంచిపెట్టే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెల సంగతి. అందులో రాగి, నికెల్, జింకు తప్ప వెండి వీసమెత్తు ఉండదు. పేరొక్కటే వెండిది.

తర్వాత అంచు చూడండి. ఈ రోజుల్లో మిషను మీద తీసిన పల్చటి రేకు కంచాలకి అంచుని లోపలికి మడిచి ముద్దగా కనబడేలా చేస్తారు. వేలితో అంచు తడిమి, వెంటనే కంచం మధ్యలో బొటనవేలితో నొక్కి చూస్తే తేడా తెలిసిపోతుంది. మా మామ్మ కంచం మధ్యలో నొక్కితే గచ్చుని నొక్కినట్టుంటుంది.

మరచెంబు సంగతి చెప్పాలంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది. మామ్మ అత్తగారు ప్రయాణాలకి మడినీళ్ళు పట్టుకెళ్ళిన చెంబది. మూత తిప్పితే మర పట్టుకునేది. ఆ మర అచ్చు పోసింది కాదు, సన్నటి వెండి తీగని మెడ చుట్టూ మెలికలుగా చుట్టి టంకం వేసి అతికింది. కడుపు మీద నకాషీ పని, చిలకలూ మామిడి పిందెలూ. ఆ పని చెయ్యాలంటే చెంబులో లక్క కరిగించి పోసి, అది గట్టిపడ్డాక పైన చిన్న చిన్న ఉలులతో ఒక్కో పిందే కొట్టుకుంటూ పోవాలి, ఆఖర్న వేడిచేసి లక్క వంపెయ్యాలి. లోపల వేలు పెడితే చిలక ముక్కు గుంటగా తగిలేది. ఇరవై ఏళ్ళ క్రితం దాన్ని ఒక కొట్టుకి పట్టుకెళ్ళి, పాతదిచ్చి కొత్తవి తీసుకునే తెలివితక్కువ పని చేశాను. టంకం అన్నారు, తరుగన్నారు, మచ్చు తక్కువన్నారు. నా కళ్ళ ముందే రెండు ముక్కలుగా కత్తిరించారు. బదులుగా వచ్చినవి రెండు పల్చటి పళ్ళేలు, ఒక అగరొత్తుల స్టాండు. లెక్కల టీచర్ని, ఆ రాత్రి కూర్చుని లెక్కేస్తే బరువులో మూడో వంతు ఎగిరిపోయింది. చిలకల్ని ఏ లెక్కలో వెయ్యను? పాత వెండి అమ్మక తప్పకపోతే ముందు మచ్చు పరీక్ష చేయించి, కాయితం చేతిలో పెట్టుకుని బేరానికి వెళ్ళండి. మార్పిడికి మాత్రం చేతిపని వస్తువు ఎప్పుడూ తియ్యకండి.

నా దగ్గర మిగిలినవాటిలో నాకిష్టమైనది ఉగ్గుగిన్నె. చారెడు కూడా పట్టదు, ఒక పక్క పిచ్చుక ముక్కులా సన్నటి మూతి. ఆముదం, ఉగ్గు, తర్వాత దగ్గుమందు, అన్నీ దానితోనే. ఆ ముక్కు మీద పళ్ళగుర్తులున్నాయి, చిన్న చిన్న నొక్కులు, భూతద్దం పెట్టి చూస్తే ఏడు లెక్కతేలాయి. అవి ఎవరెవరివో చెప్పడానికి మిగిలినదాన్ని నేనే, ఒకటి నాది కూడా కావచ్చు. అడుగున చుక్కలు చుక్కలుగా అక్షరాలు. కొట్టువాడు సూదిలాంటి పోగరతో టకటకా కొట్టే ఆ చుక్కల రాత మీ ఇళ్ళలో చెంబుల మీదా ఉండే ఉంటుంది. దాని మీద మా అమ్మ పేరు, 1949. పక్కనే ఇంకొకరు తర్వాతెప్పుడో కొట్టించిన మా అన్నయ్య పేరులో ఒక దీర్ఘం లేదు. సీమ వెండి మీద తయారీదారు ముద్రా పన్ను ముద్రా వెతికినట్టు, నేను ఎవరింటికెళ్ళినా గిన్నె తిరగేసి పేరు చదువుతాను. మా ఆయనకి ఇది మహా తలవంపు.

వెండి నల్లబడుతుందని దాచిపెట్టేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. గాలిలో ఉండే గంధకపు ఆవిరి వెండిని పట్టుకోవడం వల్లే ఆ నలుపు. రోజూ వాడి కడిగేదానికి అది పట్టే వ్యవధే ఉండదు. నేను ఒకసారి గ్లాసులన్నీ కలిపి రబ్బరు బ్యాండేసి బీరువాలో పెట్టాను. రబ్బరులో గంధకం ఉంటుందని అప్పటికి ఆలోచించలేదు. ఆరు నెలలకి తీస్తే ఒక్కో గ్లాసుకీ నడుము చుట్టూ నల్లటి మొలతాడు! మామూలు మురికికి కుంకుడురసం చాలు. మరీ నల్లబడితే గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిలు పరిచి, వంటసోడా వేసి, మరిగే నీళ్ళు పోసి వెండిని ఫాయిలుకి తగిలేలా ముంచండి. నలుపు రుద్దకుండానే వదిలి, అందులోని వెండి వెండిగానే మిగులుతుంది. పళ్ళపొడులు, టూత్‌పేస్టులు గీతలు పెడతాయి. నకాషీ ఉన్న వస్తువుని మాత్రం సోడాలో ముంచొద్దు, గుంటల్లో నిలిచిన ఆ నలుపుంటేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది. ఊరగాయా, ఉప్పూ వెండిలో రాత్రంతా వదిలెయ్యకండి, ఉప్పు వెండిని తినేస్తుంది.

పింగాణీకి మా ఇంట్లో రెండు న్యాయాలు. ఆవకాయ జాడీ మడి వంటింట్లో మూలన దర్జాగా కూర్చునేది, పింగాణీ పళ్ళెం మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. జాడీకి లేని మైల పళ్ళేనికెక్కడిదని అడిగితే మామ్మ "జాడీ జాడీయే" అనేది. అంతకుమించి శాస్త్రం లేదు. నిజానికి జాడీ అసలైన పింగాణీ కాదు, బాగా కాల్చి మెరుగు పోసిన రాతిమట్టి. పులుపుకీ ఉప్పుకీ చలించదు, అదే దాని గొప్ప. బర్మాలోని మర్తబాన్ రేవు నుంచి వచ్చిన పెద్ద జాడీల్లో అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఉప్పులో ఊరవేసి ఓడల్లో తీసుకెళ్ళేవాళ్ళని 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. హిందీలో ఇప్పటికీ జాడీని మర్తబాన్ అనే అంటారు. అంటే మన ఆవకాయ జాడీకి బంగాళాఖాతం అవతలి తీరంతో చుట్టరికం ఉందన్నమాట.

ఆ అవతలి తీరాన్ని మావాళ్ళు రంగం అనేవారు. రంగం వెళ్ళడమంటే రంగూన్ వెళ్ళడం. గోదావరి జిల్లాల జనం కాకినాడలో స్టీమరెక్కి బియ్యం మిల్లుల్లోనూ రేవుల్లోనూ పనికి వేలమంది వెళ్ళారు. మా పెద్దతాత ఒక మిల్లులో గుమస్తా. 1938లో సెలవుకొచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో ఊక పోసి, అందులో ఆరు నీలం పళ్ళేలు దించి తెచ్చాడు. 1942లో జపాను వాళ్ళొచ్చినప్పుడు మాత్రం అడవుల్లో నడిచి ఉత్త చేతుల్తో ఇల్లు చేరాడు. ఆరు పళ్ళేలే ఆయన రంగం సంపాదన.

తెలుపు మీద నీలం, వంతెన మీద ముగ్గురు మనుషులు, వంగిన చెట్టు, పైన రెండు పిట్టలు. మామ్మ వాటిని వంతెన పళ్ళేలనేది. విల్లో ప్యాటర్న్ అని దానికి లోకమంతా పేరు. చైనా బొమ్మలా ఉంటుంది గానీ పుట్టింది ఇంగ్లండులో, 18వ శతాబ్దం చివర్న. పారిపోయిన ప్రేమికులు పిట్టలయ్యారన్న కథ కూడా ఇంగ్లీషువాళ్ళు సరుకు అమ్ముకోవడానికి అల్లుకున్నదే. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, పల్చటి కాయితం మీద అచ్చేసి, ఆ కాయితాన్ని పళ్ళేనికి అతికించి దింపేవారు. అంచు చుట్టూ కాయితం రెండు కొసలూ కలిసే చోట పువ్వు పువ్వుతో కుదరదు. మా పళ్ళేల్లో ఒకదానికి ఆ అతుకు దగ్గర సగం పువ్వు ఇంకో సగం పువ్వు మీదెక్కి కూర్చుంది. వెనక 'ఇంగ్లండ్' ముద్ర ఉంది. సాధారణంగా 1891కి ముందువాటి మీద దేశం పేరుండదు, ఆ ఏడు అమెరికా చట్టం అమల్లోకి వచ్చాకే వెయ్యడం మొదలెట్టారు.

ఎముకల బూడిద కలిపిన బోన్ చైనా అయితే దీపానికి అడ్డం పెట్టి వెనక వేళ్ళు కదిపితే నీడ కనిపిస్తుంది. మా పళ్ళేలకి కనపడదు, అవి మెరుగు పోసిన మట్టివే. చూపుడువేలి గోటితో తట్టితే బాగున్నది ఖంగుమంటుంది, బీట ఉంటే బద్దగా పలుకుతుంది. కొనేముందు తట్టడం మర్చిపోకండి.

1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెంకుటింటి వెనక కొబ్బరిచెట్టు దూలం మీద పడింది. గూడు కూలి మూడు పళ్ళేలు పోయాయి. మంచం కింద జాడీకి చెయ్యంత మట్టి అంటింది, అంతే. ఆవకాయ అలాగే ఉంది, పది రోజులు కరెంటు లేకుండా దాంతోనే తిన్నాం.

అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా ఆ మూడింటి కోసం వెతుకుతున్నాను. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో ఒక గురువారం నేల మీద పరిచిన తుప్పుతాళాల పక్కన ఒకటి దొరికింది. పొంగిపోయి తిరగేస్తే 'జపాన్' ముద్ర. నీలం కాస్త ముదురు, వంతెన మీద మనిషొకడు తక్కువ. నూటయాభై ఇచ్చి తెచ్చుకున్నాను. మా ఆయన నాలుగూ పక్కపక్కన పెట్టి తేడా ఏముందన్నారు. సాయంత్రం ఎవరైనా వస్తే అరటికాయ బజ్జీలు ముందు ఆ జపాన్ పళ్ళెంలోనే పెడతాను. పగిలితే అదే పగలాలని.