భూమి కదలికలను చదివే చదువు

2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం, ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లా అడవుల అడుగున భూమి కదిలింది. తీవ్రత 5.3గా నమోదయింది. తెలంగాణలోని అనేక జిల్లాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని ప్రాంతాల్లోనూ జనం ఉలిక్కిపడి ఇళ్ళ నుంచి బయటికి వచ్చారు. అల్లాహ్ దయవల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు. కానీ ఆనాడు ఇంటింటా ఒకటే ప్రశ్న వినిపించింది: మన దక్కను గట్టినేల కదా, ఇక్కడ కూడా భూకంపాలు వస్తాయా?

వస్తాయి, లోగడ వచ్చాయి కూడా. 1967లో ఒంగోలు ప్రాంతంలోనూ, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వద్దనూ భూమి గట్టిగానే కంపించింది. గోదావరి లోయ కోట్లాది సంవత్సరాల క్రితం భూఫలకం చీలడం వల్ల ఏర్పడిన పల్లం. ఆ పాత పగుళ్ళలో ఒత్తిడి నెమ్మదిగా పేరుకొని, ఎప్పుడో ఒకప్పుడు విడుదలవుతూ ఉంటుంది. ఈ మాట నేడు ధీమాగా చెప్పగలుగుతున్నామంటే, దాని వెనుక కొందరు మనుషుల దీర్ఘకాల శ్రమ ఉంది. వారు చదివిన చదువు పేరు భూభౌతిక శాస్త్రం. ఆ చదువుకు మన దేశంలోని ప్రధాన కేంద్రాలలో ఒకటి హైదరాబాదులోనే, హబ్సిగూడ దగ్గర ఉంది. 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. ఎన్.జి.ఆర్.ఐ. అంటే నగరంలో మెట్రో స్టేషను పేరుగా గుర్తుపట్టేవారే ఎక్కువ; లోపల ఏం జరుగుతుందో తెలిసిన కుటుంబాలు తక్కువ.

పదో తరగతి ముగిసిన పిల్లల గురించి మా దగ్గరకు సలహా కోసం వచ్చే తల్లిదండ్రుల ఆలోచన సాధారణంగా రెండు దారుల్లోనే నడుస్తుంది. లెక్కలు వస్తే కంప్యూటర్ ఇంజనీరింగు, రాకపోతే వైద్యం లేదా ఫార్మసీ. ఆ దారులను మేము తక్కువ చేయడం లేదు. అయితే లెక్కలూ భౌతికశాస్త్రమూ ఇష్టపడే పిల్లలకు ఈ మూడో దారి ఉన్నదని చెప్పేవారు ఇంట్లోగాని, కాలేజీలోగాని కనిపించరు.

ఈ చదువు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే లాతూరును తలచుకోవాలి. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ. మహారాష్ట్రలోని కిల్లారి పరిసర గ్రామాలు నిద్రలో ఉండగానే నేలమట్టమయ్యాయి. తీవ్రత 6.2 మాత్రమే. జపానులో ఇదే తీవ్రత గల భూకంపం వస్తే సాధారణంగా మృతుల సంఖ్య చాలా స్వల్పంగా ఉంటుంది. కిల్లారి ప్రాంతంలో సుమారు పదివేలమంది చనిపోయారు. గుండ్రాళ్ళను బురదతో పేర్చిన మందపు గోడలు, వాటిపైన వేసవి వేడి తగలకుండా పరచిన అడుగుల మందం మట్టికప్పు, ఇవే కుటుంబాలను సమాధి చేశాయి. ప్రాణం తీసింది నేల కదలిక కన్నా ఇంటి కట్టుబడి. కనుక ఈ రంగంలో భూమి లోపలిని చదివేవారు ఎంత అవసరమో, ఇంటిని నిలబెట్టే ఇంజనీర్లూ అంతే అవసరం. సివిల్ ఇంజనీరింగు చదివిన పిల్లలకు రూర్కీ ఐ.ఐ.టి.లో భూకంప ఇంజనీరింగు విభాగమూ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగు పరిశోధన కేంద్రమూ ఉన్నాయి. సివిల్ చదివి ఉద్యోగం లేదని బాధపడే యువకులు ఈ వైపు ఒకసారి చూడవచ్చు.

ఇక అసలు శాస్త్రం. భూకంపం వచ్చినప్పుడు రెండు రకాల తరంగాలు ముఖ్యంగా బయలుదేరుతాయి. ముందు వచ్చేవి వేగమైనవి, సెకనుకు దాదాపు ఆరు కిలోమీటర్లు పరుగెడతాయి. వెనుక వచ్చేవి నెమ్మదైనవి, కానీ ఎక్కువగా ఊపేవి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేందుకు పట్టే వ్యవధిని బట్టి పిడుగు దూరం అంచనా వేసినట్లే, ఈ రెండు తరంగాల మధ్య వ్యవధిని బట్టి భూకంపం ఎంత దూరంలో పుట్టిందో లెక్కగడతారు. ఒక్కో సెకను వ్యవధికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు. కనీసం మూడు కేంద్రాల లెక్కలు కలిస్తే భూకంపం పుట్టిన చోటు దొరుకుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి ఇందులో అర్థంకానిది ఏదీ లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత తీవ్రతతో భూకంపం వస్తుందో ముందుగా చెప్పగల పద్ధతి మాత్రం నేటికీ ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. వాట్సాప్‌లో తిరిగే తేదీల జోస్యాలను నమ్మనక్కరలేదు.

భూభౌతిక శాస్త్రమంటే భూకంపాలు మాత్రమే కాదు. రాయలసీమలోనూ, నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ బోరు కోసం అప్పులపాలైన రైతు కుటుంబాలను మనం ఎరుగుదుం. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీటి జాడ చెప్పేవారిని పిలిపించి, నాలుగైదు చోట్ల తవ్వించి నష్టపోయినవారు ఎందరో. నేలలో నాలుగు ఇనుప చువ్వలు దిగగొట్టి, రెండింటి గుండా విద్యుత్తును పంపి, మిగిలిన రెండింటి మధ్య వోల్టేజి కొలిచి, రాతి లోపల తేమ ఉన్నదీ లేనిదీ అంచనా వేయడం భూభౌతిక శాస్త్రజ్ఞుని నిత్యకృత్యం. ఇది కూడా వందకు వంద నిశ్చయం కాదు గాని, గుడ్డిగా తవ్వడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

చేరే మార్గం ఇది. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి., ఆపైన భౌతికశాస్త్రం, గణితం ఉన్న బి.ఎస్సీ.; భూగర్భ శాస్త్రం కూడా కలిస్తే మరీ మంచిది. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలోగాని, విశాఖపట్నంలోని ఆంధ్రా విశ్వవిద్యాలయంలోగాని భూభౌతిక శాస్త్రంలో పి.జి. ఈ రెండూ దేశంలో పేరున్న పాత విభాగాలు. దూరం వెళ్ళగలిగినవారికి ఖరగ్‌పూర్, రూర్కీ ఐ.ఐ.టి.లు, ధన్‌బాద్ ఐ.ఎస్.ఎం. ఉన్నాయి. గేట్ పరీక్షలో భూగర్భ, భూభౌతిక శాస్త్రాలకు ప్రత్యేక ప్రశ్నపత్రం ఉంది.

ఉద్యోగాల విషయంలో ఉన్నమాట చెప్పాలి. సంఖ్య తక్కువ. సాఫ్ట్‌వేరు కంపెనీల వలె వేలకొద్దీ నియామకాలు జరగవు. యు.పి.ఎస్.సి. నిర్వహించే భూశాస్త్రవేత్తల సంయుక్త పరీక్ష ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో జియోఫిజిసిస్టు పోస్టులు భర్తీ అవుతాయి; ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివినవారు కూడా దీనికి అర్హులే అన్న సంగతి చాలామందికి తెలియదు. ఒ.ఎన్.జి.సి. వంటి చమురు సంస్థలు, ఢిల్లీలోని జాతీయ భూకంప శాస్త్ర కేంద్రం, హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజాల సంచాలనాలయం ఇతర ఆశ్రయాలు. పరిశోధన వైపు వెళ్ళేవారు నెట్ అర్హతతో జె.ఆర్.ఎఫ్. పొందితే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల భృతి, దానికి తోడు ఇంటి అద్దె భత్యం లభిస్తున్నాయి. డాక్టరేటుకు ఐదారేళ్ళు పడతాయి. ఇంటి భారం వెంటనే మోయవలసిన పిల్లవాణ్ణి ఈ దారిలోకి నెట్టడం సబబు కాదని మా అభిప్రాయం. కొంత వ్యవధి ఇవ్వగలిగిన కుటుంబాలు మాత్రం వెనుకాడవద్దు.

ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న మాకు తెలుసు: కొండలూ అడవులూ తిరగాలా? క్షేత్ర పర్యటనలు ఉంటాయి, నిజమే. కానీ భూకంప శాస్త్రంలో అధిక భాగం రికార్డుల ముందు కూర్చొని చేసే గణన. 1936లో డెన్మార్కుకు చెందిన ఇంగె లేమన్ అనే మహిళ, సుదూర దేశాల భూకంపాల రికార్డులను ఓపికగా పరిశీలించి, భూమి నడిబొడ్డున అంతర్గర్భం ఉందని తేల్చింది. అంతకు ముందు పురుష శాస్త్రవేత్తలెవరికీ తట్టని విషయమది.

ఈ రంగంలో ఎవరూ ఒంటరిగా పనిచేయలేరు, ఎందుకంటే తరంగాలకు సరిహద్దులు లేవు. హైదరాబాదులోని భూకంప కేంద్రం దశాబ్దాలుగా ఫ్రాన్సు నడిపే ప్రపంచ వ్యాప్త వలయంలో భాగం. 2004 సునామీ తరువాత 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో నెలకొన్న హెచ్చరిక కేంద్రం, ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు హిందూ మహాసముద్ర తీరదేశాలన్నింటికీ సేవలందిస్తున్నది. మహారాష్ట్రలోని కోయనా కథ ఇంకా విశేషం. అక్కడ ఆనకట్ట కట్టి నీరు నింపిన తరువాత, 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది; జలాశయం ప్రేరణతో వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలోనే పెద్దదిగా దానికి పేరు. దాని గుట్టు తెలుసుకునేందుకు కరాడ్ కేంద్రంగా మూడు కిలోమీటర్ల లోతున బావి తవ్వారు. అంతర్జాతీయ సహకారంతో సాగే ఆ పథకంలో యువ పరిశోధకులకు చోటుంది.

విదేశాల్లో ఫీజుల కోసం వడ్డీ రుణం తీసుకోవడానికి మనస్కరించని కుటుంబాలకు ఒక ఊరట: ఈ శాస్త్రంలో మంచి పరిశోధక స్థానాలు భృతితోనే వస్తాయి. సౌదీ అరేబియాలో ఎర్రసముద్రపు ఒడ్డున 2009లో ప్రారంభమైన కింగ్ అబ్దుల్లా విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో భూశాస్త్ర విభాగం ఉంది. అక్కడ పరిశోధక విద్యార్థులకు ఫీజు లేకపోగా నెలసరి భృతి ఇస్తారు. ఇటలీలోని త్రియెస్తెలో, నోబెల్ గ్రహీత అబ్దుస్ సలామ్ 1964లో వర్ధమాన దేశాల శాస్త్రజ్ఞుల కోసం నెలకొల్పిన కేంద్రం భూకంప శాస్త్రంలో స్వల్పకాలిక శిక్షణలు నిర్వహిస్తుంటుంది. ఉద్యోగంలో ఉన్న ఇంజనీర్ల కోసం జపానులోని త్సుకుబాలో ఏడాది శిక్షణ కార్యక్రమం ఉంది.

మదరసాలో చదివిన పిల్లలకు ఇందులో ఏం పని అని తోచవచ్చు. పని ఉంది. భూకంపలేఖినులు వచ్చి నూట ముప్పై, నూట నలభై ఏళ్ళే అయింది. ఒక పగులు అయిదారు వందల ఏళ్ళకోసారి కదిలేదైతే, పాత గ్రంథాలే దిక్కు. ఈజిప్టు విద్వాంసుడు ఇమామ్ జలాలుద్దీన్ సుయూతీ 15వ శతాబ్దంలో తన కాలం వరకు సంభవించిన భూకంపాలను సంవత్సరాలవారీగా ఒక అరబీ గ్రంథంలో నమోదు చేశారు. ఆయన మరణించిన 1505లోనే కాబూలును భూకంపం కుదిపింది. ఆ రోజు ముప్పై మూడు సార్లు నేల కదిలిందని, నెలపాటు ప్రకంపనలు ఆగలేదని, కోటగోడలు కూలాయని బాబరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. లండనులో పనిచేసిన ఆంబ్రేసీస్ అనే ఇంజనీరు ఇటువంటి అరబీ, ఫార్సీ చరిత్రలను వెదికించి పశ్చిమాసియా భూకంపాల పట్టికలను పునర్నిర్మించాడు. అరబీ, ఫార్సీలు వచ్చి, దానితోపాటు కాస్త గణితమూ వచ్చిన యువకుడు ప్రపంచంలోనే అరుదు. దక్కను సుల్తానుల కాలపు ఫార్సీ కాగితాల్లో భూకంపాల ప్రస్తావనలు వెదకడం ఒక మంచి పరిశోధనాంశమని మేము భావిస్తున్నాము.

ఇంతలో ఇంటి వద్ద చేయగలిగినదీ ఉంది. ప్రపంచంలోని అనేక కేంద్రాల రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని చదివేందుకు పైథాన్ భాషలో అబ్స్‌పై అనే ఉచిత సాధనం ఉంది. కంప్యూటర్ నేర్చుకున్న డిగ్రీ విద్యార్థికి రెండు వారాల సాధన చాలు. ఇక సి.ఎస్.ఐ.ఆర్. స్థాపక దినమైన సెప్టెంబరు 26 పరిసరాల్లో ఆ మండలికి చెందిన ప్రయోగశాలలు విద్యార్థులకు ద్వారాలు తెరవడం ఆనవాయితీ; హబ్సిగూడలోని సంస్థ కూడా ఆ మండలిదే. తేదీ ముందుగా ఆ సంస్థలో విచారించుకొని, పిల్లలనూ, వీలైతే వారి సైన్సు ఉపాధ్యాయుణ్ణీ వెంటబెట్టుకొని వెళ్ళండి. ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకొని వెళితే, అక్కడి శాస్త్రవేత్తల దగ్గర నిలబడి అడగడం సులువవుతుంది.