సంఘపు కంప్యూటరునకు మందు

ఇటీవల ఒకనాటి ఉదయమున మందసకు దాపున నున్న ఒక సంఘ కార్యాలయమునకు పోయితిని. పంటఋణము నిమిత్తము వచ్చిన రైతులు వరండాలో కూర్చుండియుండిరి. లోపల కంప్యూటరు తెరపై చిన్న చక్రమొకటి తిరుగుచుండెను. “అప్‌డేటు జరుగుచున్నది, కొంచెము ఓపిక పట్టుడు” అని గుమాస్తా పలుమారు చెప్పుచుండెను. ఒక వృద్ధరైతు నావంక తిరిగి, “ఏటి బాబూ, దీనికీ మందు కొడతారేటి?” అని యడిగెను. అందరును నవ్విరి. నాకు మాత్రము ఆ ప్రశ్న మిక్కిలి సరియైనదిగా తోచినది.

రైతు సోదరులారా! మన వాటాధనము, డిపాజిట్లు, బాకీలు ఒకప్పుడు చిట్టా ఆవర్జాలలో నుండెడివి. ప్రాథమిక సంఘముల కంప్యూటరీకరణకు కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న అనుమతి నిచ్చినది. తొలుత 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయలతో ఏర్పడిన ఆ పథకములో మన రాష్ట్రమును చేరినది. ఇక మీ లెక్క చెప్పునది ఆ యంత్రమే. దానికి చీడ పట్టినచో మీరు చెల్లించిన వాయిదాకు సాక్ష్యమెక్కడ?

పైగా ఈ యంత్రము ఒంటరిది కాదు. ఇతర యంత్రములతో కలుపబడియున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తోటలను కూల్చిన సంగతి మరువగలమా? కూలిన కొబ్బరి మ్రాకులను కుళ్లనిచ్చినచోట కొమ్ముపురుగు పెరుగును. మీ చెట్ల మొవ్వులలో ఎంత మందు వేసినను, పొరుగు తోటలోని కుళ్లు మ్రాను నుండి పురుగు వచ్చుచునే యుండును. కంప్యూటర్ల సంగతియు నట్టిదే.

2017 మే 12న ‘వన్నాక్రై’ అను చీడ లోకమంతట వ్యాపించెను. నిపుణులు దీని జాతిని పురుగు అనియే పిలుతురు. ఎవరును ముట్టకుండగనే ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు ప్రాకును. దస్తరములకు తాళము వేసి, తీయుటకు 300 డాలర్లు కోరెను. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల పోలీసు కార్యాలయములలోని కొన్ని కంప్యూటర్లును దాని వాత బడినవి. విచారకరమైన విషయమేమనగా, ఆ పురుగు చొచ్చు కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు కంపెనీ మార్చి 14ననే విడుదల చేసియుండెను. మందు రెండు మాసములు ముందే వచ్చినది. వేసికొనని వారు చెడిరి.

కావుననే పెద్ద సంస్థలు ఈ పనిని ఒక్కొక్క గుమాస్తా ఇష్టమునకు వదలవు. కేంద్రస్థానమున సర్వరు అను పెద్ద యంత్రముండును. ప్రతి కార్యాలయపు కంప్యూటరులోను దాని కావలివాడు వంటి చిన్న సాఫ్ట్‌వేరొకటి యుండి, కొత్త సవరణ అందినదో లేదో పై కార్యాలయమునకు తెలుపుచుండును. సాధారణముగా సవరణలను రాత్రివేళ పంపుదురు. మనవారో, కరెంటు ఖర్చునకు జంకి సాయంకాలమే స్విచ్చి కట్టివేయుదురు! అప్పుడా పని మరునాటి ఉదయము రైతులు నిలిచియుండగా మొదలగును. నేను చూచిన సంఘములో జరిగినది అదియే. నాలుగణాల పొదుపునకు పూటంతయు నష్టము.

ఇంకొకటి. చూపునకు బాగుగానే యున్నదని పాత యంత్రమును నమ్మరాదు. విండోస్ 10నకు సామాన్య సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ప్రత్యేక ఏర్పాటు చేసికొననిచో అట్టి యంత్రమునకు ఇక కొత్త సవరణలు రావు.

అయినను మందు తొందరపడి చల్లినచో పైరే మాడును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ కంపెనీ పంపిన లోపభూయిష్టమైన సవరణ వలన సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయినవి. విమానములు సైతము ఆగినవి. దొంగ లేడు, కావలివాడే తడబడెను. కొత్త విత్తనమును మొదట చిన్న మడిలో వేసి చూచునట్లు, సవరణను ముందుగా కొద్ది యంత్రములపై పరీక్షించి పిమ్మట అందరికిని పంపవలెను. లెక్కల ప్రతినొకదానిని నెట్‌వర్కుతో సంబంధము లేకుండ వేరుగా దాచవలెను.

రాబోవు మహాజన సభలో ఎరువుల ధరలతోపాటు ఈ ప్రశ్నలును వేయుడు: మన యంత్రమునకు చివరి సవరణ ఎప్పుడందినది? రక్షణ సాఫ్ట్‌వేరు గడువెప్పుడు? బయటివారి పెన్‌డ్రైవులను గ్రుచ్చనిచ్చుచున్నారా? ఆ పద్దునకు బడ్జెటులో సొమ్ము కోరినప్పుడు పంచాయతుదారులు దండుగ యని కొట్టివేయకుందురు గాక.

ఆ వృద్ధుని పని మధ్యాహ్నమునకు గాని ముగియలేదు. గుమాస్తా ఆనాటి నుండి సవరణ వచ్చు రాత్రులలో స్విచ్చి కట్టుట మానెను.