బళ్ళారి సీమలోని చవుడుమిద్దె

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్ళారితో సహా తక్కినవి మైసూరునకును చెందినవి. సరిహద్దు ఎట్లు మారినను, ఆదోనిలోను బళ్ళారిలోను తెలుగువారు, కన్నడిగులు తరతరములుగా ఒకే తీరు మిద్దెలలో కాపురముండిరి.

ఈ మిద్దె గోడలు రాతివి లేదా మట్టివి, మిక్కిలి మందమైనవి. వానిపై దూలములు, దూలములపై దంతెలు, ఆపైన కట్టెలు గాని బండలు గాని పరచి, ఆకు కప్పి, మట్టి మెత్తి, కడపట చవుడు పోయుదురు. చవుటిమన్నులోని సోడియము లవణములు తడి తగిలినప్పుడు బంకమట్టి రేణువులను విడదీయగా, అవి సందులలో చేరి నీటిని క్రిందికి దిగనీయవు. చేనిలో రైతు ఏవగించుకొను మన్నే మిద్దెకు కోరి తెచ్చుకొను మన్ను! ఏటేట వానలకు ముందు క్రొత్త చవుడు వేయుట తప్పదు. వెలుతురునకును పొగ పోవుటకును కప్పులో గవాచి యుండును.

బళ్ళారి ఎండ పొడి ఎండ. పగలు మండినను రాత్రి కొంత చల్లబడును. మందపు మట్టికప్పును దాటి వేడిమి లోపలికి చేరుటకు కొన్ని గంటలు పట్టును. అప్పటికి ఇంటివారు మిద్దెమీదనో ఆరుబయటనో పరుండియుందురు. నాలుగైదు అంగుళముల కాంక్రీటు కప్పు అట్లు కాదు; ప్రొద్దు గ్రుంకునప్పటికే గదిని కాగజేయును. పిదప చల్లదనమును కరెంటుతో కొనుక్కొనవలెను. అదియునుగాక, సిమెంటునకై సున్నపురాతిని కాల్చునప్పుడు కొలిమి పొగయే గాక, రాతిలో నున్న బొగ్గుపులుసు వాయువు కూడ వెలువడి ఆకాశమున చేరును. చవుటికి కొలిమితో పనిలేదు.

అట్లని పాతమిద్దెను ఉన్నదున్నట్లు కట్టుకొనుమనుట సరికాదు. దాని బరువు అధికము. దూలములకు చెద భయము. ముసురు పట్టి నానిన కప్పులు కూలి ప్రాణములు తీసిన సందర్భములు కలవు. దూరమునుండి చూచి ముచ్చటపడువారికి ఆ రాత్రుల బెదురు తెలియదు.

కాంక్రీటు కప్పునే వేసికొన్నను, దానిపై తెల్లసున్నము పూయుట, పడమటి గోడకు నీడ కల్పించుట, రాత్రిగాలికి ఎదురెదురు కిటికీలు పెట్టుట, గవాచిని అద్దపు మూతతో నిలుపుకొనుట కష్టములు కావు. గోడలకు కాల్చని మట్టి ఇటుకలు చాలును. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆరంభమైన ఆస్త్ర విభాగము వీనిపై చాల కృషి చేసినది. ఇసుకపాలు గల ఎఱ్ఱమట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి యంత్రముతో అదిమి, కొన్ని వారములు తడి ఆరనీయక కాపాడవలెను. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు పగులును గనుక, ఆ మట్టికి సున్నము కలుపుట మేలు.

పాత ఇల్లు పడగొట్టదలచినవారు ముందుగా దాని రాతిగోడలను తెలిసిన మేస్త్రీకి చూపింపవలెను. గోడలు గట్టివైనచో కప్పు మాత్రము మార్చుకొనవచ్చును. క్రొత్త గోడల ఖర్చు మిగులును, పాత చల్లదనములో చాలభాగము దక్కును.