భస్మం నీటిపై తేలినంత మాత్రాన...

చాదర్‌ఘాట్‌లో నివసించే ఒక గృహిణి ఆ మధ్య మాకొక కాగితపు పొట్లం తెచ్చి చూపినారు. కాలేజీలో చదివే కుమార్తెకు రక్తహీనత. ఎవరో చెప్పగా విడిగా కొనిన లోహభస్మం అందులో ఉన్నది. పొట్లంపై తయారీదారు పేరు లేదు, తేదీ లేదు. "గ్లాసు నీళ్లలో చల్లి చూశానండీ, తేలింది. వేళ్ల గీతల్లోకి కూడా ఇంకింది. మంచిదే కదా?" అని ఆమె అడిగినారు.

ఆమె చేసినవి శాస్త్రోక్తమైన పరీక్షలే. నీటిపై తేలుట వారితరం. చూపుడు వేలు, బొటనవ్రేలి మధ్య రుద్దినప్పుడు గీతలలోనికి చేరుట రేఖాపూర్ణం. రసరత్నసముచ్చయం వంటి గ్రంథాలలో ఇవి కలవు. అపునర్భవం మరింత కఠినమైనది. భస్మాన్ని బెల్లం, గురిగింజ, వెలిగారం, తేనె, నేతులతో కలిపి కాల్చినను లోహం తిరిగి పుట్టరాదు.

భస్మం ఎట్లు తయారగునో తెలిసిన గాని ఈ పరీక్షల అర్థం బోధపడదు. యశదాన్నే తీసుకొందము. దానిని కరిగించి నువ్వులనూనె, మజ్జిగ, గోమూత్రం, గంజి, ఉలవకషాయాలలో ఒక్కొక్కదానిలో ఏడేసి మార్లు పోయుట శోధనము. కరిగిన లోహం ద్రవాన్ని తాకగానే ఎగజిమ్మును గనుక పాత్రపై రంధ్రమున్న మూత ఉంచెదరు. పిదప ఉత్తరేణి చూర్ణం కొద్దికొద్దిగా వేయుచు మూకుడులో రుద్దుచు వేయింపగా లోహం పొడిబారును. ఆ పొడిని కలబంద రసంతో నూరి, బిళ్లలు చేసి ఎండించి, రెండు మట్టి మూకుళ్ల నడుమ ఉంచి, మట్టిగుడ్డతో సందులు మూసి పుటము పెట్టెదరు. గజపుటమునకు క్రింద వేయి పిడకలు, పైన ఐదువందలు చెప్పబడినవి. ఇది ఇంటి పెరటిలో చేయదగిన పని కానే కాదు. యశదపు పొగ పీల్చినవారికి జ్వరమే వచ్చును.

ఇంతకూ జరిగినదేమి? లోహం ప్రాణవాయువుతో కలిసి ఆక్సైడుగా మారినది, ఆ ఆక్సైడు మిక్కిలి సూక్ష్మ రేణువులైనది. 2009లో బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు యశదభస్మాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితోను, ఎక్స్ కిరణాలతోను పరిశీలించి, అందు నానో పరిమాణపు జింక్ ఆక్సైడు రేణువులున్నవనియు, వాటిలో ఆక్సిజన్ పాలు ఉండవలసినదానికంటె కొంత తక్కువగా ఉన్నదనియు ప్రకటించిరి. నానోమీటరు అనగా మీటరులో వందకోట్లవ వంతు. నేటి ప్రయోగశాలలలో జింక్ లవణాలకు తులసి, వేప వంటి ఆకుల కషాయం చేర్చి, వేడిచేసి ఇట్టి రేణువులనే తయారుచేయుచున్నారు. మన హైదరాబాదులోనే బాలాపూర్ వద్దనున్న ఏ.ఆర్.సి.ఐ. సంస్థలో నానో పదార్థాల పరిశోధనకు ప్రత్యేక విభాగం కలదు.

ఎక్స్ కిరణాల పరీక్షలో పదార్థమేదో రేఖల స్థానం తెలుపును. ఆ రేఖ ఎంత వెడల్పైన రేణువులోని స్ఫటికం అంత చిన్నది. వ్రేలిగీతలు చెప్పినది సూక్ష్మత్వమే గాని పదార్థమేదో అవి చెప్పలేవు. మా చాదర్‌ఘాట్ సోదరి ప్రశ్నకు చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఇనుము, యశదముల ఆక్సైడులు నీటికంటె ఐదు రెట్లకు పైగా బరువైనవి. అయినను తేలుచున్నవన్న, చల్లిన మెత్తని పొడిని నీటి ఉపరితలపు బిగువు మోయుచున్నదన్నమాట. ముఖానికి పూసుకొనే పౌడరు కూడ ఇట్లే తేలును. సీసంతో చేసే నాగభస్మానికి సైతం శాస్త్రం ఇదే వారితర పరీక్ష చెప్పినది! కనుక పొట్లంలో సీసం కలిసియున్నను గ్లాసులోని నీరు ఆ సంగతి తెలుపదు. దానికి రసాయన విశ్లేషణ కావలయును.

ఈ భయం ఊహాజనితం కాదు. 2008లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వెలువడిన పరిశీలనలో, ఇంటర్నెట్ ద్వారా కొన్న 193 ఆయుర్వేద ఔషధాలలో ఐదింట ఒక వంతుకు సీసం, పాదరసం, పాషాణాలలో ఏదో ఒకటి బయటపడినది. రసౌషధాలలో అది 40 శాతం. పాదరసం వంటివి చేరిన మందులపై వైద్య పర్యవేక్షణలో వాడవలెనను హెచ్చరిక ఉండవలెనని మన చట్టమే చెప్పుచున్నది. లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారీదారు చిరునామా లేని పొట్లం ఎంత నల్లగా, ఎంత మెత్తగా ఉన్నను కొనరాదు. "నానో" అని అట్టపై వ్రాసినంతనే నమ్మవలసిన పనిలేదు. అతి సూక్ష్మమైన రేణువు శరీరంలో వేగంగా కలియుట మేలుకు గాని కీడుకు గాని దారితీయవచ్చును.

ఆ పొట్లం వాడుట మాన్పించి, ముందు అమ్మాయికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుమని చెప్పితిమి. రక్తహీనతకు కారణం తెలిసిన పిమ్మట, భస్మం అవసరమో కాదో అర్హులైన వైద్యులు నిర్ణయించెదరు. ఈలోగా చింతపండు పులుసు వంటివి ఇనుప మూకుడులో వండుకొనవచ్చును. పులుపు తగిలిన ఇనుము కొంత కూరలోనికి దిగును. ఆకుకూరపై నిమ్మరసం పిండవలెను. భోజనం కాగానే టీ త్రాగు అలవాటున్నచో దానిని గంటసేపు వాయిదా వేయవలెను.